భుజం ఆమెది, బాధ ఆయనది

ఆ రోజు పొద్దున్న రేడియో వేసుకున్న పథకం చాలా చిన్నది. షాపు తెరవాలి, వచ్చినవాళ్ళకి గడ్డాలు గియ్యాలి, మధ్యాహ్నానికి ముందే తలుపుకి ‘టీకి వెళ్ళాను’ అన్న అట్ట తగిలించి ఇంటికి వచ్చెయ్యాలి, మధ్యగది కర్టెన్ వెనక నిలబడి ఆ మనిషి చేతుల్లో అంత గొప్ప ఏముందో ఒకసారి చూసెయ్యాలి. అంతే. ఇందులో ఎవరికీ హాని లేదు, కనీసం ఆయన లెక్క ప్రకారం లేదు.

రేడియో అంటే పెట్టె కాదు, మనిషి. వీధి చివర కటింగ్ షాపు ఆయనదే. కుర్చీలో కూర్చున్నవాడి మెడకి తెల్లగుడ్డ చుట్టగానే ఆయన నోరు మొదలవుతుంది, గుడ్డ విప్పి దులిపేదాకా ఆగదు. కస్టమర్లు ఆ పేరు పెట్టింది అందుకే. పేరు పెట్టారే గానీ ఒక్కడూ ఇంకో షాపు గడప తొక్కలేదు. కటింగ్ అయ్యాక ఆయన చేసే తల మర్దన అలాంటిది. బొటనవేళ్ళు మెడ వెనక ఆనించి, మెల్లగా పైకి ఎక్కించి, కణతల దగ్గరికి తెచ్చి అక్కడ కాసేపు ఆపుతాడు. ఎంత పెద్ద ఆఫీసరైనా ఆ కుర్చీలో గుర్రుపెట్టాల్సిందే. ఆయన కబుర్లు తప్పించుకోవడానికి అదొక్కటే దారి కాబట్టి నిద్రపోతున్నారని గిట్టనివాళ్ళు అంటారు.

వీధిలో ఇన్ని తలలు చేతికి దొరికినా, సొంత ఇంట్లో ఉన్న ఒక్క తల మాత్రం ఆయనకి దొరకలేదు. భార్య టైలరు. ముందుగదిలో మిషను వేసుకుని వీధిలో సగం మందికి జాకెట్లూ చొక్కాలూ కుడుతుంది. పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి తల పట్టించుకుంది. ఆ తర్వాత ఆయన ఎప్పుడు అడిగినా “పనుందండీ” అనో, “రేపు చూద్దాం లెండి” అనో, “నూనె బట్టలకంటుతుంది” అనో తప్పించుకునేది. ఆవిడకి చక్కిలిగిలి కాబోలు అని ఆయన సరిపెట్టుకున్నాడు. మగవాడు ఒక అబద్ధం చెప్పుకుని హాయిగా బతకాలనుకుంటే అడ్డుపడేవాళ్ళెవరు?

అలా సాగుతూ ఉండగా ఆవిడ పై అరలోంచి గుడ్డ తాను దించబోయింది, కుడి భుజంలో కండ తెగింది. ఆపరేషన్ అయింది. చెయ్యి పట్టీలోకి వెళ్ళింది, మిషను మీద దుప్పటి పడింది. పనికి సాయంగా అత్తగారు దిగారు. కుట్లు మానాక చూసిన సర్జన్, ఆసుపత్రిలో నేర్పే ఎక్సర్‌సైజులు మానొద్దని చెప్పి, “చెయ్యి కదలకపోయేసరికి మెడా వీపూ బిగుసుకుపోయాయి. వాటికి మసాజ్ థెరపీ చేయించండి. త్వరగా కోలుకుంటారు. తెలిసినవాళ్ళతోనే చేయించాలి. ఆపరేషన్ చేసిన చోట ఎవర్ని పడితే వాళ్ళని చెయ్యి పెట్టనివ్వకండి,” అన్నాడు.

“తెలిసినవాళ్ళంటే ఇంకెవరు సార్, నేనే!” అన్నాడు రేడియో ఛాతీ విరుచుకుని. అక్కడితో ఆగకుండా తన చేతుల చరిత్ర మొదటినుంచీ చెప్పాడు. సర్జన్ ఓపిగ్గా విన్నాడు. విని, “శిక్షణ పొందినవాళ్ళు,” అన్నాడు, ఇంకెవరిదో ఫోన్ నంబరు ఇచ్చాడు.

అలా వచ్చాడు థెరపిస్టు. పొడుగ్గా, శుభ్రంగా, గోళ్ళు పొట్టిగా కత్తిరించుకుని ఉంటాడు. “నమస్తే అమ్మా, నొప్పనిపిస్తే చెప్పండి,” అనే రెండు ముక్కలు తప్ప అతని నోట ఇంకో మాట రాదు. అతను మొదటి రోజు పని ముగించేసరికి టైలరమ్మ కళ్ళు తెరవకుండానే, “అబ్బ, ప్రాణం లేచొచ్చింది బాబూ,” అంది.

గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న రేడియో చెవిన ఆ మాట పడింది. చెవిలోంచి కడుపులోకి దిగి అక్కడ మంటగా మారింది. అది అసూయ. దానికి ఇంకో మంచి పేరు వెతకడం అనవసరం. ఆ మనిషి తన భార్యని ఎత్తుకుపోతాడన్న అనుమానం ఆయనకి లేదు. తనకి రావాల్సిన మాటని ఎత్తుకుపోయాడన్నదే బాధ. వీధి వీధంతా అన్న ఆ మాట ఒక్క ఆవిడ నోట వినాలని ఆయన ఇన్నేళ్ళూ కాచుకుని కూర్చున్నాడు. నిన్నగాక మొన్న వచ్చినవాడు దాన్ని సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

“బాబూ, ఇవాళ అతనొస్తాడు. మీరు షాపులోనే ఉండండి, ఇక్కడ మేం చూసుకుంటాం,” అన్నారు అత్తగారు, టిఫిన్ పెడుతూ.

“నేనెందుకొస్తాను అత్తయ్యా! మౌనమునీశ్వరుల తపస్సు భంగం చెయ్యడానికి నేనెవర్ని?”

“పాపం, అతన్ని అలా అనకండి. ఎంత నెమ్మదిగా ఉంటాడో,” అంది టైలరమ్మ. ఆవిడ అతని తరఫున మాట్లాడటంతో ఉన్న మంటకి ఇంకాస్త కిరసనాయిలు పడింది.

అనుకున్న వేళకే అట్ట తగిలించి, పెరటి తలుపులోంచి ఇంట్లోకి వచ్చి, కర్టెన్ వెనక చేరాడు. అత్తగారు పెరట్లో బట్టలు ఆరేస్తున్నారు. మధ్యగదిలో టైలరమ్మ కుర్చీలో ముందుకి వంగి, బల్ల మీద పెట్టిన దిండుకి నుదురు ఆనించి కళ్ళు మూసుకుంది. ఆపరేషన్ అయిన చెయ్యి పక్కన ఇంకో దిండు మీద ఉంది. థెరపిస్టు అరచేతులు రుద్దుకుని వేడి చేసుకున్నాడు. వీపు మీద, ఎడమ రెక్క పక్కన, వెన్నెముక పొడవునా నెమ్మదిగా ఒత్తుకుంటూ పోయాడు. గడియారం చప్పుడు తప్ప గదిలో ఏమీ వినిపించలేదు.

‘ఇదా గొప్ప? ఇంతకన్నా మా షాపులో తువాలు ఆరేసే చెయ్యి నయం,’ అనుకున్నాడు రేడియో. అంతలో టైలరమ్మ తృప్తిగా నిట్టూర్చింది. ఆయన కర్టెన్ గుడ్డ గుప్పిట్లో నలిపేశాడు.

అప్పుడే బయట లారీ హారన్ మోగింది. పక్కింటికి ఇసుక తెచ్చిన లారీకి థెరపిస్టు స్కూటరు అడ్డంగా ఉంది. “ఒక్క నిమిషం అమ్మా, అలాగే ఉండండి,” అని అతను ఆవిడ వీపు మీద వేడి తువాలు కప్పి బయటికి వెళ్ళాడు. రేడియో వెంటనే కర్టెన్ వెనకనుంచి బయటపడ్డాడు. ఆ మనిషి ఒత్తిన చోట ఒత్తి చూసి, మళ్ళీ వెళ్ళిపోదామనే అనుకున్నాడు. కానీ చేతులకి తెలిసిన దారి ఒకటే. బొటనవేళ్ళు మెడ వెనకకి వెళ్ళి కూర్చున్నాయి. ఆపరేషన్ అయిన భుజం వైపు మాత్రం పోలేదు, అంత తెలివి ఆయనకి ఉంది. వేళ్ళు పైకి ఎక్కాయి, కణతల దగ్గర ఆగాయి.

అలవాటు కొద్దీ నోరు కూడా తెరుచుకుంది. “ఈ మధ్య మార్కెట్లో...” అన్నంతవరకూ లోపల తయారైపోయింది. మింగాడు. అది గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది.

“బాబూ, ఇన్నాళ్ళూ ఇది ఎక్కడ దాచావు?” అంది టైలరమ్మ మత్తుగా. “నీ చేతుల్లో ఏదో ఉందయ్యా. తలలో బరువంతా దిగిపోతోంది.”

రేడియో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేస్తున్న చెయ్యి ఆపలేదు.

“మా ఆయన కూడా చేస్తారు. షాపులో అందరూ తెగ మెచ్చుకుంటారు. నేను మాత్రం చేయించుకోను.” ఆవిడ దిండు మీద నుదురు సర్దుకుంది. “ఎందుకో తెలుసా?”

ఎందుకు? ఇన్నేళ్ళుగా ఆయన్ని తొలుస్తున్న ప్రశ్నకి జవాబు మూరెడు దూరంలో ఉంది. ‘ఎందుకే?’ అంటే గుట్టు బయటపడిపోతుంది. అనకపోతే గుండె ఆగిపోయేలా ఉంది. ఆయన ఆ రెంటి మధ్యా నలుగుతుండగానే వరండాలో చెప్పుల చప్పుడైంది. రేడియో ఒక్క గెంతులో కర్టెన్ వెనక ఉన్నాడు.

“అలా తలే ఇంకాస్త పట్టు బాబూ,” అంది టైలరమ్మ, చేతులు మారిన సంగతి తెలియక.

“తలా అమ్మా?” థెరపిస్టు తెల్లబోయాడు. అయినా పేషెంటు అడిగింది కదా అని నాలుగు సార్లు ఒత్తాడు.

“ఇందాకటిలా లేదే?”

అతను తన చేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం అతనికి అలవాటే.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ టైలరమ్మ సంతోషం దాచుకునే మనిషి కాదు. సాయంత్రం పక్కింటి లెక్కల టీచరు పలకరించడానికి వస్తే, “వదినా, ఇవాళ ఆ అబ్బాయి తల పట్టాడు. ఏం చెప్పమంటావు! ఎక్కడో తేలిపోయాననుకో,” అని మొదలుపెట్టి వేళ్ళు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో విడమరిచి చెప్పింది. లెక్కల టీచరుకి బడిపిల్లల పుణ్యమా అని తలనొప్పి శాశ్వతం. అక్కడికక్కడే ఫోన్ చేసి థెరపిస్టుని పిలిపించుకోవడానికి రోజు ఖాయం చేసుకుంది. ఆవిడ నోటినుంచి ఆ మాట స్టాఫ్ రూముకి పాకింది, అక్కడినుంచి వీధిలోకి తిరిగొచ్చింది.

రేడియో పక్కగదిలో కూర్చుని అంతా విన్నాడు. లోకంలో అసూయపడేవాళ్ళు ఎదుటివాడి గొప్ప చూసి పడతారు. ఆయనకి తన గొప్పని తలుచుకునే కడుపు మండింది. పొగడ్త తనది, చేతులు తనవి, పేరు మాత్రం ఆ మౌనమునీశ్వరుడిది. పోనీ నిజం చెప్పేద్దామంటే, సొంత ఇంట్లో దొంగలా కర్టెన్ వెనక నక్కాననీ, సర్జన్ వద్దన్న పని చేశాననీ ఒప్పుకోవాలి. అత్తగారు ఆ మాట వింటే ఇంకేమైనా ఉందా?

రెండ్రోజులు పోయాక రిటైర్డ్ పోస్ట్‌మాస్టరు షాపుకి వచ్చి కూర్చున్నాడు. నిండు మీసం ఆయనకి. ఉద్యోగం పోయినా అది మాత్రం సర్వీసులోనే ఉంది.

“ఇవాళ తల వద్దులేవయ్యా, గడ్డం చాలు,” అన్నాడు.

“అదేంటి సార్! మీరు గడ్డం కోసం వస్తారా? తల కోసమే కదా వచ్చేది!”

“ఎల్లుండి ఆ థెరపిస్టుకి చెప్పాను. తల పట్టడంలో అతన్ని మించినవాడు లేడట.”

“ఎవరన్నారు?”

“మీ ఆవిడే, మా ఇంటావిడతో. వేళ్ళు మెడ వెనకనుంచి పైకెక్కి కణతల దగ్గర ఆగుతాయట. ఎంత ఒడుపో చూడు! నీ చేతులేం తక్కువ తిన్నాయి, అలాంటిది నువ్వూ నేర్చుకోరాదూ?”

రేడియో చెయ్యి ఒణికింది. మాట రాలేదు. ఆయనకి మాట రాకపోవడం ఏమిటా అని పోస్ట్‌మాస్టరు తల తిప్పాడు, రేడియో కత్తి తిప్పలేదు. ఎడమవైపు మీసం సగం తెల్లగుడ్డ మీద పడింది.

తర్వాత జరిగిందంతా ఊహించుకోవచ్చు. అరుపులు, క్షమాపణలు, రెండో వైపు కూడా సరిచెయ్యబోతే ఇంకా పెద్ద అరుపులు. పోస్ట్‌మాస్టరు మూతి మీద రుమాలు కప్పుకుని ఇంటికి వెళుతూ, కనిపించిన ప్రతివాడికీ సంగతి చెప్పాడు. సాయంత్రానికల్లా వీధికి ఒక కొత్త నిజం తయారైంది. రేడియో చెయ్యి పడిపోతోందట. అందుకే కదా పెళ్ళానికి కూడా బయటివాళ్ళతో చేయిస్తున్నాడు! పాపం, గొప్ప చెయ్యి. ఇలా అయిపోయింది.

మర్నాడు షాపులో ఈగలు తప్ప ఎవరూ రాలేదు. అటువైపు వెళ్ళేవాళ్ళు మాత్రం ఆగి, తలుపులోంచి ఆయన చేతుల వంక జాలిగా చూసి వెళ్ళారు. ఒకాయన వణుకు తెలుస్తుందేమోనని కరచాలనం చేసి కూడా చూశాడు. గడ్డం మాసినవాళ్ళు మార్కెట్ వైపు నడిచారు. అసూయతో పాటు ఇప్పుడు రేడియోకి భయం కూడా పట్టుకుంది. ఆ చేతులు లేకపోతే తనకి ఇంకేం ఉంది? ఖాళీ కుర్చీకి ఎదురుగా కూర్చుని అద్దంలో తన ముఖం చూసుకున్నాడు. మాట్లాడటానికి అక్కడ ఇంకెవరూ లేరు.

ఇంటికి వచ్చేసరికి టైలరమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“మీ చెయ్యి ఒణుకుతోందట! నాకెందుకు చెప్పలేదండీ?”

“ఎవడన్నాడు? నా చెయ్యికేం? రాయి!”

“నాకు తెలుసు లెండి. నేను మంచం ఎక్కినప్పటినుంచీ దుప్పట్లు పిండటం, నీళ్ళు మోయడం అన్నీ మీరే. నా భుజం బాగవ్వాలని మీ చేతులు పాడుచేసుకున్నారు.” ఆవిడ ముక్కు ఎగబీల్చింది. “థెరపిస్టు బాబుకి చెప్పాను. రేపు నాది అయ్యాక మీ చేతులు కూడా చూస్తానన్నాడు.”

రేడియోకి ఒకవైపు భార్య ప్రేమకి గుండె కరిగింది. ఇంకోవైపు, తన చేతులని తీసుకెళ్ళి ఆ మనిషి చేతుల్లో పెట్టాలన్న తలపుకే ఒళ్ళంతా కారం పూసినట్టయింది. “వద్దు,” అన్నాడు. అత్తగారు తలుపు దగ్గరికి వచ్చి నిలబడి, “చూపించుకుంటారు,” అన్నారు. ఆ ఇంట్లో ఆవిడ అన్న మాటకి తిరుగు లేదు.

మర్నాడు మధ్యగదిలో సభ తీరింది. టైలరమ్మకి వీపు పని అయిపోయింది. తన వంతు కోసం లెక్కల టీచరు ముందే వచ్చి కూర్చుంది. అత్తగారు గుమ్మానికి అడ్డంగా ముక్కాలి పీట వేసుకున్నారు. రేడియో పారిపోవాలన్నా దారి లేదు. థెరపిస్టు ఆయన రెండు చేతులూ తీసుకుని, మణికట్లు తిప్పి, అరచేతులు నొక్కి, వేళ్ళు ఒక్కొక్కటిగా సాగదీసి చూశాడు.

“వీటికేం లేదు సార్. చాలా మంచి చేతులు,” అన్నాడు.

అంతే. శత్రువు నోట మెప్పు వినేసరికి రేడియో కట్ట తెగింది.

“మంచివి కాకపోతే ఎలా ఉంటాయయ్యా! ఆ రోజు తల పట్టింది నేను! నువ్వు స్కూటరు తియ్యడానికి పోతే వచ్చి పట్టింది ఈ చేతులే! ఊరంతా నీ పేరు చెప్పుకుంటున్నది నా పనికి! నా పనికి నా కస్టమర్లు నీ దగ్గరికొస్తున్నారు!”

అందరికన్నా ముందు తేరుకున్నది థెరపిస్టు. “ఆపరేషన్ అయిన భుజం ముట్టుకున్నారా?” అన్నాడు కటువుగా.

“లేదు. అటువైపు గాలి కూడా తగలనివ్వలేదు.”

థెరపిస్టు ఊపిరి పీల్చుకుని కుర్చీలో కూలబడ్డాడు. అతని నోటినుంచి మొదటిసారిగా అన్ని మాటలు ఒకేసారి వచ్చాయి. “బతికించారు సార్! నాలుగిళ్ళలో ఆ తల మర్దనే కావాలంటున్నారు. నేనేం చేశానో నాకే తెలీదు. వీడియోలు చూసి నేర్చుకుంటున్నా. పొద్దున్న ఒకావిడ, నాకెందుకు సరిగ్గా చెయ్యవని నా మీద కేకలేసింది. నా చేతులకే ఏదో అయిందనుకున్నాను.”

రేడియో గెలిచినవాడిలా భార్య వైపు తిరిగాడు. ఆవిడ నవ్వుతోంది. భుజం కదలకుండా ఎడమచేత్తో పట్టుకుని మరీ నవ్వుతోంది.

“ఏమండీ, ఎంత అసూయైతే మాత్రం ఇంత అబద్ధమా? అది మీరు కాదు.”

“నేనే!”

“మీరెలా అవుతారు? నా తల మీద చెయ్యి పెట్టి అంతసేపు నోరు మూసుకున్నారా? మీరు?” ఆవిడ లెక్కల టీచరు వైపు చూసింది. “వదినా, నువ్వు చెప్పు. జరిగే పనేనా?”

“అస్సలు జరగదు,” అంది లెక్కల టీచరు, లెక్క తేల్చేసినట్టుగా. “అన్నయ్యగారు నిద్రలో కూడా మాట్లాడటం మా గోడవతలకి వినిపిస్తుంది.”

“పెళ్ళయిన కొత్తలో ఒకసారి తల పట్టించుకున్నాను,” అంది టైలరమ్మ. “మీ మేనత్త ఇల్లు కట్టించిన కథ మొదలుపెట్టారు. పునాదులు లేచేసరికి నాకు తలనొప్పి వచ్చింది. పైకప్పు వేసేదాకా ఆపలేదు మీరు. ఆ తర్వాత మీ దగ్గర తల వంచితే ఒట్టు.”

అదీ జవాబు. ఇన్నేళ్ళు చక్కిలిగిలి అనుకున్నదాని అసలు రూపం అది. రేడియో ముఖంలో రంగు మారింది. చేసింది తానేనని చెప్పుకోవడానికి నోరు ఒక్కటే దిక్కు, ఆ నోరే ఇప్పుడు తనకి వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతోంది. ఎంత గట్టిగా వాదిస్తే అంత అబద్ధంలా ఉంది.

“ఈ గొడవంతా ఎందుకు?” అన్నారు అత్తగారు. “ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు తల పట్టండి. పట్టేటప్పుడు మీరిద్దరూ నోరెత్తకూడదు. ఏది ఎవరిదో మా అమ్మాయి కళ్ళు మూసుకుని చెబుతుంది.”

టైలరమ్మ మళ్ళీ దిండుకి నుదురు ఆనించింది. అత్తగారు వేలు చూపించగా మొదట థెరపిస్టు వచ్చాడు, వీడియోలు చూసి నేర్చుకున్నదంతా పెట్టి కాసేపు పట్టి తప్పుకున్నాడు. తర్వాత రేడియో వచ్చాడు. బొటనవేళ్ళు మెడ వెనక ఆనించాడు. పెదవులు బిగించాడు.

ఊరికే కూర్చోలేక లెక్కల టీచరు కాలక్షేపానికి అత్తగారితో, “ఆ పాత సినిమా హాలు కాలిపోయింది ఎండాకాలంలోనే కదూ పిన్నిగారూ?” అంది.

“అవునమ్మా, ఎండాకాలమే. వంటగదిలో స్టవ్ పేలిందట.”

రేడియో వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. ఎండాకాలమా? వంటగదా? సినిమా హాల్లో వంటగది ఎక్కడుంటుంది? ఆ రోజు జోరున వాన! టికెట్లిచ్చే గది పక్కన తీగలు రాజుకోవడం ఆయన కళ్ళారా చూశాడు! వీధిలో ఏ తలనడిగినా ఆ సంగతి చెబుతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది. అత్తగారు ఓరగా ఆయన్నే చూస్తున్నారు. ఆవిడకి అసలు సంగతి తెలుసు. ఆయన చెప్పగా ఎన్నోసార్లు విన్నారు.

“ఎవరో కావాలనే అంటించారని కూడా అన్నారు,” అన్నారు అత్తగారు తాపీగా.

రేడియో మెడ నరాలు ఉబ్బాయి. కానీ అప్పుడే ఆయన బొటనవేళ్ళ కింద బిగుసుకున్న కండ ఒకటి మెత్తబడింది. దాని పక్కది కూడా వదులైంది. రాయిలా ఉన్న మెడ తన చేతుల్లో కొద్దికొద్దిగా బరువు దించుకుంటోంది. ఆపరేషన్ అయినప్పటినుంచీ ఆవిడ పడుతున్న నొప్పి ఎంతో ఆయనకి చెవులతో తెలుసు, వేళ్ళతో తెలియడం ఇదే మొదలు. పాపం, ఇంత మోసిందా ఇది, అనుకున్నాడు. సినిమా హాలు ఎండాకాలంలో కాలితే కాలనీ అనిపించింది. చేతుల్ని కణతల దగ్గరికి తెచ్చి ఆపాడు.

దిండులోంచి చిన్నగా గుర్రు వినిపించింది.

“ఇన్నాళ్ళకి కన్ను మూసింది,” అన్నారు అత్తగారు చాలా మెల్లగా. ఆవిడ గొంతులో వెటకారం పోయింది. “రాత్రులు కూర్చునే ఉంటోంది పిచ్చిది.”

అందరూ అలాగే కూర్చున్నారు. లెక్కల టీచరు తన తలనొప్పి సంగతి మరిచిపోయింది. రేడియో చేతులు తియ్యలేదు, తీస్తే లేస్తుందేమోనని భయం. కాళ్ళు తిమ్మిరెక్కాయి. షాపు తలుపు తెరిచే ఉందన్న సంగతి గుర్తొచ్చి కూడా కదల్లేదు.

చాలాసేపటికి టైలరమ్మ తనంత తానే లేచింది. ముఖం తేటపడింది. “మొదట చేసింది మీరు,” అంది మొగుడితో. “వేళ్ళలో కంగారు తెలుస్తోంది. రెండోసారి చేసింది బాబు. ఎంత హాయి!”

రేడియో దిక్కుతోచక అత్తగారి వైపు చూశాడు. “నేను కళ్ళజోడు పెట్టుకోలేదు నాయనా,” అన్నారు ఆవిడ. లెక్కల టీచరు నవ్వాపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది.

“కాదమ్మా,” అన్నాడు థెరపిస్టు. అబద్ధం ఆడటం అతనికి చేతకాదు. “కంగారు నాది. రెండోసారి సారే. ఆ రోజు కూడా సారే.” ఇన్నాళ్ళూ రేడియో అద్దంలో చూసుకున్న అసూయ ముఖమే ఇప్పుడు అతనికి వచ్చింది. దాన్ని చూసి రేడియోకి కలిగిన ఆనందం ఏమంత మర్యాదైనది కాదు గానీ, కలిగింది.

టైలరమ్మ మొగుడి చేతుల వంక చూసింది. ఎడమచేత్తో ఒక దాన్ని అందుకుని, అటూ ఇటూ తిప్పింది. “వీపూ చెయ్యీ నువ్వే చూడు బాబూ, మిషనెక్కేదాకా నిన్ను వదలను. తల మాత్రం వీరికిచ్చెయ్,” అంది. తర్వాత మొగుడి ముఖంలోకి చూసి, నిష్ఠూరంగా అడిగింది.

“వీటిలో ఇంత హాయి ఉందని ఇన్నేళ్ళూ నాకెందుకు తెలియనివ్వలేదండీ?”

“తెలియనివ్వకపోవడమేంటే? ఇన్నేళ్ళూ చెబుతూనే ఉన్నా కదా!”

“అదేనండీ. చెప్పకుండా ఉంటే తెలిసేది,” అని ఆవిడ మళ్ళీ దిండు మీదకి వంగి, మెడ ఆయనకి అప్పగించింది.

దానికి రేడియో దగ్గర గంటసేపు చెప్పదగ్గ సమాధానం ఉంది; అది ఇప్పటికీ ఆయన దగ్గరే ఉంది.